ఆరని కొండ

ఆ మేడ మీది వాటాలో ఉండే అక్కచెల్లెళ్లను వీధిలో ఎవరూ అసలు పేర్లతో పిలవరు. అక్క రంగులమ్మ, చెల్లెలు తాళాలమ్మ. అక్క మోచేతుల దగ్గర ఎప్పుడూ ఏదో ఒక రంగు ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. చెల్లెలు తలుపుకు తాళం వేసి, మెట్లు దిగి, వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, తాళం లాగి చూసి మళ్లీ బయల్దేరుతుంది. "తాళం వేశారా అమ్మా?" అని కిరాణా కొట్టు ఆయన నవ్వుతూ అడుగుతాడు. వేళాకోళమని ఆమెకూ తెలుసు. తెలిసే వెనక్కి వెళ్లి చూసి వస్తుంది.

ఇద్దరికీ వయసు మళ్లింది. అక్క పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరికేదీ?" అంటుంది. చెల్లెలు భర్త పోయాక ఒక సంచీ పట్టుకుని, నాలుగు రోజులుండి వెళ్తానని వచ్చి, వెళ్లనేలేదు. ఎందుకు వెళ్లలేదని అక్క అడగలేదు. ముందు గది అక్క పనిగది, వెనక గది చెల్లెలి పుస్తకాల గది, నడుమ వంటిల్లు. ముందు గదిలో టర్పెంటైను వాసన, వెనక గదిలో పాత కాగితాల వాసన, వంటింట్లో రెండూ కలిసి తలనొప్పి. తలుపు పిడులకు రంగు అంటించావని చెల్లెలు రోజూ సణుగుతుంది. అక్క రోజూ "ఊఁ" అంటుంది.

చెల్లెలు బడిలో చదివింది తక్కువ. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదవడంతో మొదలుపెట్టి, తనంతట తనే నేర్చుకుని, ఇప్పుడు లావుపాటి నవలలు నమిలేస్తుంది. అయితే ఏ నవలనూ ముందు నుంచి చదవదు. మొదట ఆఖరి పేజీలు తిరగేసి, ఎవరూ ఎవర్నీ వదిలి వెళ్లిపోలేదని రూఢి చేసుకున్నాకే మొదటి పేజీకి వస్తుంది. అలాంటి నవలలు తక్కువ కాబట్టి వాటినే మళ్లీ మళ్లీ చదువుతుంది.

అక్క వేసేవి ప్రకృతి దృశ్యాలు. కాకపోతే ఆ ప్రకృతి ఎక్కడా దొరకదు. ఇప్పుడు ముందు గదిలో గోడకు ఆనించి ఉన్న బొమ్మనే చూడండి. మనిషెత్తు కాన్వాసు. అందులో ఒక చెరువు అద్దాల బీరువాలా నిటారుగా నిలబడి ఉంటుంది. ఎవరో దారిని చాప చుట్టినట్టు చుట్టి చెట్టుకు ఆనించి వెళ్లారు. మబ్బులకు బొత్తాలున్నాయి, ఒకదానికి బొత్తం ఊడి దారం వేలాడుతోంది. వీటి నడుమ కొండ. కొండను అక్క కుంచెతో వేయలేదు. రంగులో ఇసుక, రంపపు పొట్టు, దంచిన గుడ్డు పెంకులు కలిపి, తాపీమేస్త్రి గోడకు సిమెంటు మెత్తినట్టు కత్తితో మెత్తింది. వేలెడు మందం. దూరం నుంచి అది కొండే. దగ్గరికి వెళ్తే, ఎవరో రాత్రంతా దొర్లి లేచిపోయిన పక్కదుప్పటి. ఆ ముడతల పాదం దగ్గర బొటనవేలంత కుర్చీలు రెండు, కాళ్లతో నేలలోకి వేళ్లు తన్ని ఉన్నాయి.

రంగులకు అక్క దుకాణపు పేర్లు వాడదు. ఆ ఆకాశం ఉత్త బూడిదరంగు కాదు. చెల్లెలి భర్త ఆఖరిసారి కప్పుకున్న ఆసుపత్రి దుప్పటి రంగు. చెరువుది, వాళ్ల తమ్ముడు ఎక్కి వెళ్లిన రైలుపెట్టె పచ్చ. చేరానని ఒకసారి కబురు చేశాడు తమ్ముడు, మళ్లీ చేయలేదు. మబ్బులది, చిన్నప్పటి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పటాలు తీసేస్తే గోడ మీద మిగిలిన తెలుపు. ఇవన్నీ చెల్లెలు ఏడుస్తూ చెప్పినవి, అక్క గిన్నెల్లో కలుపుకున్నవి.

"నా ఏడుపులన్నీ నీకు రంగు డబ్బాలే," అంది చెల్లెలు ఒకసారి.

"మరి ఊరికే పోనిమ్మంటావా?"

కొండకు మాత్రం పేరు లేదు. ఎర్రమట్టికీ, కాలిన ఇటుకకూ, దీపం వేయకముందు గది మూలల్లో చేరే నలుపుకూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఇదేం రంగు అని అడిగితే, ఇంకా తెలియదు అంది అక్క.

ఆమెకు పనిలో ఒకటే నియమం. బొమ్మ ఇల్లు దాటేముందు, అన్నిటికంటే మందంగా ఉన్నచోట చూపుడువేలి గోరు నొక్కుతుంది. గోరు దిగిందంటే లోపల ఇంకా పచ్చి. "గోరు దిగితే గుమ్మం దాటదు" అంటుంది. కొనేవాళ్లు కాళ్లావేళ్లా పడ్డా ఈ మాటకు తిరుగులేదు. అక్క మాటల్లో చెల్లెలికి నచ్చింది ఇదొక్కటే.

ఈ బొమ్మ కోసం వచ్చినవాడు ఒక హోటలాయన. దూరంగా సముద్రం ఒడ్డున కొత్తగా హోటలు కడుతున్నాడు. కుర్చీలో కూర్చోకుండా బొమ్మ ముందు అటూ ఇటూ నడిచాడు.

"ఇది కొండేనా అమ్మగారూ?"

"కొండే."

"పరుపులా ఉందే."

"మీ హోటల్లో పరుపులు లేవా? ఎవరూ జడుసుకోరులెండి."

"చెరువు నిలబడిందేంటి మరి?"

"పడుకుని పడుకుని విసుగొచ్చింది దానికి."

ఆయన నవ్వాడు. నవ్వి, జేబులోంచి చిన్న గుడ్డముక్క తీశాడు. "మా ఆవిడ పంపింది. హాల్లో సోఫాలకు ఈ ఆకుపచ్చ వేయిస్తోంది. బొమ్మలో ఎక్కడన్నా ఒక్క పిసరు ఈ రంగు కలిస్తే..."

వంటింట్లో ఉన్న చెల్లెలు, ఇక బేరం చెడిందనుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది. అక్క గుడ్డముక్కను వెలుతురులో తిప్పి చూసింది. తర్వాత దాన్ని తీసుకెళ్లి, పచ్చిగా ఉన్న కొండ నడుముకు అతికించి, కత్తి వెనక వైపుతో అదిమింది.

"ఇదిగో. ఇంతకంటే బాగా కలవదు."

ఆయన వంగి ఆ అతుకును దగ్గరగా చూశాడు. లేచి, హోటల్లో ఇంకా చాలా గోడలు బోసిగా ఉన్నాయన్నాడు. సముద్రం కనిపించే గది ఇస్తామన్నాడు. బొమ్మతో పాటే వచ్చి, అన్ని గోడలూ నిండేదాకా ఎన్నేళ్లయినా ఉండి వేయవచ్చన్నాడు. అక్క మెట్ల దాకా వెళ్లి ఆయనతో గొంతు తగ్గించి ఇంకేదో మాట్లాడింది. చెల్లెలికి ఆఖరి మాట ఒక్కటే వినబడింది.

"సరే. ఇది ఆరగానే వస్తాను."

చెల్లెలి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అక్క లోపలికి వచ్చి మంచినీళ్లు తాగి, "కొండకు ఇంకో పూత పడాలి" అని మళ్లీ గదిలోకి పోయింది. మరి నా సంగతేమిటని చెల్లెలు అడగలేదు. అడిగితే జవాబొస్తుందని ఆమె భయం. రైల్వే స్టేషన్లో తమ్ముణ్ణి అడిగింది, ఎప్పుడొస్తావని. జవాబు చెప్పాడు. ఆసుపత్రిలో డాక్టర్ని అడిగింది. ఆయనా చెప్పాడు. అడగకుండా ఉన్నంతకాలం ఏదీ జరగనట్టే.

బొమ్మ ఆరితే అక్క వెళ్తుంది. ఆరకపోతే వెళ్లదు. ఇందులో ఆలోచించడానికేముంది?

పూర్వం ఒకసారి చెల్లెలి పంటిమందు, లవంగ నూనె సీసా, ఒక గిన్నెడు రంగులోకి ఒలికింది. ఆ రంగు చలికాలమంతా ఆరలేదు. అక్క ఆమెను కొట్టినంత పనిచేసి, ఆ సీసాను పనిగది ఛాయలకు రానివ్వకూడదని ఆంక్ష పెట్టింది. ఆ తిట్లన్నీ చెల్లెలికి ఇప్పుడు ఒక్కొక్కటిగా, ఎంతో ఆప్యాయంగా గుర్తొచ్చాయి.

అక్క రంగులు పింగాణీ గిన్నెల్లో కలిపి, మూతలు పెట్టుకుంటుంది. పొద్దున ఆమె స్నానానికి వెళ్లగానే చెల్లెలు మూతలు తీసి, ప్రతి గిన్నెలో కాస్త లవంగ నూనె పోసి, పుల్లతో కలిపి, మూతలు పెట్టి, పెట్టానా లేదా అని వెనక్కి వచ్చి చూసుకుని వెళ్లేది. అక్క ఆ రంగులే కొండకు మెత్తేది.

వాసన దాగుతుందా? మొదటిరోజే అక్క ముక్కు ఎగరేసింది.

"ఇల్లంతా లవంగాల మూట విప్పినట్టుందేమే?"

"పన్ను నొప్పక్కా," అంది చెల్లెలు చెంప పట్టుకుని.

"ఏ పన్ను?"

అంత దూరం ఆలోచించలేదు చెల్లెలు. ఏదో ఒకటి చూపించింది.

మర్నాడూ అదే వాసన, ఆ మర్నాడూ అదే. అక్క మామూలుగా ఒకరి సంగతి పట్టించుకునే మనిషి కాదు. అలాంటిది పని ఆపి, చెప్పులేసుకుని, చెల్లెలి చేయి పట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు దీపం వేసి, అద్దం పెట్టి, సన్న సుత్తితో తట్టి తట్టి చూశాడు.

"పన్ను బాగానే ఉందమ్మా."

"నొప్పెడుతోందండీ," అంది చెల్లెలు. పక్కనే అక్క నిలబడి ఉంది.

"ఇక్కడ కొడితే?"

"అమ్మో."

"ఇక్కడ?"

"అక్కడా అంతే."

డాక్టరు దీపం తీసేసి, "ఈ వయసులో ఒక్కోసారి పైకి కనబడదు. ఇంత బాధ పడేకంటే పీకేయడం మేలు" అన్నాడు. తెచ్చుకున్న నొప్పికి మందేముంది? నాపరాయి లాంటి పన్ను. రావడానికి అది మొరాయించింది, డాక్టరు చెమటలు కక్కాడు. ఇంట్లోంచి ఎవరూ పోకూడదని మొదలుపెట్టిన పనిలో ముందు నోట్లోంచి పన్ను పోయింది. దాన్ని అక్కడ పారేయడానికి మనసొప్పక చెల్లెలు చేతి గుడ్డలో కట్టి ఇంటికి తెచ్చుకుంది.

దారిలో అక్క, "ఇక లవంగ నూనె అక్కర్లేదుగా?" అంది.

"చిగుళ్లకి," అంది చెల్లెలు, నోట్లో దూదితో.

అక్క ఆమె వంక ఓ చూపు చూసింది.

ఆరని రంగు ఊరుకోదు. మందమైన కొండ తన బరువుకు తానే మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. ముడతలు సాగాయి. శిఖరం మెడ వాల్చింది. కొండ నడుముకున్న సోఫా గుడ్డ మోకాళ్ల దగ్గరికొచ్చింది. హోటలాయన మళ్లీ వచ్చినప్పుడు బొమ్మ ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"పోయినసారి కొండ ఇంకాస్త పైన ఉండేది కదమ్మా?"

"కొండన్నాక అక్కడే కూర్చోవాలా?" అంది అక్క. "దానికీ పనులుంటాయి."

"అబ్బే, బాగుందనే అంటున్నా. వచ్చిన ప్రతిసారీ ఒక చోట ఉంటోంది. మా ఆవిడ నమ్మట్లేదు."

ఆయన వెళ్లగానే అక్క ఆ సందు చూసుకుని చిన్న కత్తితో కుర్చీలు రెంటినీ గీకి తీసి, కొండ మీద పడని చోట, కాస్త ఎడంగా, మళ్లీ వేసింది. రెంటినీ పక్కపక్కనే వేసింది. కొండ మళ్లీ వాటి మీదికి వచ్చింది. మళ్లీ జరిపింది. ఊరికి వరదొచ్చినప్పుడు సామాను జరిపినట్టు, ఓపిగ్గా, ఎప్పుడూ రెండు కుర్చీలే. చెల్లెలు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తూనే ఉంది. బీరువాలాంటి చెరువు చూసి తమ్ముణ్ణి, ఆకాశం చూసి భర్తను తలుచుకుని కళ్లొత్తుకునే మనిషి, ఆ కుర్చీలను మాత్రం కుర్చీలుగానే చూసింది. ఆమె దృష్టంతా గోరు మీదే.

గోరు దిగుతూనే ఉంది. వేళ్ల మీద ఎండ పడే కిటికీ దగ్గర అక్క నొక్కి చూసేది, దిగేది, "ఉహుఁ" అనేది. ఆ "ఉహుఁ" విన్న పూట చెల్లెలు తాళం ఒక్కసారే లాగి చూసేది.

చివరికి హోటలు తెరిచే వేళ దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం కింద వ్యాను ఆగింది. హోటలాయన దుప్పట్లు, తాళ్లు పట్టుకుని పైకొచ్చాడు. అక్క చేయి తుడుచుకుని, కొండ మోకాలి దగ్గర గోరు నొక్కింది. వెన్నలో దిగినట్టు దిగింది. చెల్లెలు తల దించుకుంది. ఆమె పెదవుల మీద ఏముందో ఎవరికీ కనబడకుండా.

"గోరు దిగితే గుమ్మం దాటదు," అంది అక్క. "బొమ్మ ఇక్కడే ఉంటుంది."

"అయ్యో," అన్నాడు హోటలాయన.

"నేను వస్తాను. పదండి."

చెల్లెలు తలెత్తింది.

అక్క అప్పటికే కత్తులు గుడ్డలో చుడుతోంది. "మిగతా గోడలు నా కోసం కూర్చుంటాయా? అవి మొదలుపెడతాను. ఇది ఆరాక నువ్వు తీసుకురా."

"నేనా?"

"నువ్వు కాకపోతే కిరాణా కొట్టాయన తెస్తాడా? గదిలో రెండు మంచాలు వేయించమని మొదటిరోజే చెప్పాను ఈయనకి. నీది కిటికీ వైపు వద్దన్నాను, గాలికి భయపడతావని."

"పుస్తకాల అలమర కూడా చేయించామండీ," అన్నాడు హోటలాయన సాయంగా. "తాళంతో."

చెల్లెలు గోడ పట్టుకుని కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే ఏం చేసేదానివి? పెట్టె సర్దేదానివి, విప్పేదానివి, మళ్లీ సర్దేదానివి. సముద్రం ఎంత దాకా పొంగుతుందని ఈయన్ని పీక్కుతినేదానివి. నాకు నిద్రుండేదా? ఆరిన రోజు చెబుదాం, ఏడవడానికి ఒక్క పూటే ఉంటుందనుకున్నా. ఇదేమో ఆరి చస్తేగా."

"అయితే నేనూ ఇప్పుడే వచ్చేస్తా."

"దీన్నెవరు చూస్తారు? దుమ్ము పడుతుంది, పక్కింటి పిల్లి దూరి పడుకుంటుంది. కొండ జారితే కుర్చీలెవరు జరుపుతారు? నా బొమ్మ నేను నీకు తప్ప ఎవరికిస్తానే?"

ఇంత మంచిమాట అక్క నోటి నుంచి ఆమె ఎన్నడూ వినలేదు. వినకపోయినా బాగుండుననిపించింది.

అక్క సంచీ భుజానికి వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, వంటింట్లోకి పోయి, అలమరలో పైఅరలోంచి లవంగ నూనె సీసా తీసి, వెలుతురుకు ఎత్తి ఎంతుందో చూసి, సంచీలో వేసుకుంది.

"ఇది నేను తీసుకెళ్తున్నా. కొత్త ఊళ్లో నాక్కూడా పన్ను నొప్పి రావచ్చు."

చెల్లెలు నోరు తెరవలేదు. తెరిస్తే ఆ ఖాళీ కనబడుతుంది.

వ్యాను వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా చూస్తే పోయినవాళ్లు రారని ఆమెకు ఒక పట్టింపు. అందుకని ముందే ముఖం తిప్పుకుని, పైకొచ్చి, నేరుగా బొమ్మ దగ్గరికి పోయి, చూపుడువేలి గోరు నొక్కింది. దిగింది.

తర్వాత ఆ వీధి ఒక వింత చూసింది. తాళాలమ్మ ఇంటి కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. గొళ్లేలు తుప్పు పట్టి రాకపోతే సుత్తితో కొట్టి తెరిచిందట. మెట్ల తలుపు బార్లా తీసి, మూసుకుపోకుండా లావుపాటి నవల ఒకటి అడ్డం పెట్టింది. గాలి ఇటు నుంచి అటు పోవాలి. వెనక గది ఫ్యాను ముందు గదికి వచ్చింది. కొండ ఎండ వైపు తిరగాలని ఆమె పొద్దున ఒక వైపు, సాయంత్రం ఒక వైపు కాన్వాసును అంగుళం అంగుళం జరిపేది.

"తాళం వేశారా అమ్మా?" అని అలవాటు కొద్దీ అడిగాడు కిరాణా కొట్టాయన.

"వేస్తే గాలెలా ఆడుతుంది?" అంది ఆమె, వెనక్కి తిరిగి చూడకుండా.

ఆయన తూకం ఆపి, ఆమె వెళ్లిన వైపు చూస్తూ ఉండిపోయాడు.

రంగు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది, అంటే ఏ పనీ చేయడం లేదు. చలి పోయి ఎండలు ముదిరాయి. మబ్బులు ఆరాయి. చెరువు ఆరింది. ఆకాశం ఎప్పుడో ఆరింది. భర్త దుప్పటి ఇప్పుడు గట్టిగా, నున్నగా, చేత్తో తడిమినా ఏమీ అంటదు. కొండ ఒక్కటే ఆరదు. ఆమె పొద్దున లేవగానే నొక్కుతుంది, భోజనం కాగానే నొక్కుతుంది, పడుకునేముందు ఒకసారి నొక్కి, నొక్కానా లేదా అని వచ్చి మళ్లీ నొక్కుతుంది. గోటిగాట్లు చంద్రవంకల్లా వరసలు కట్టాయి. జారే కొండ వాటిని సాగదీసి, ఒకదాని మీద ఒకటి వాల్చింది. మోకాళ్ల నుంచి మెడ దాకా సన్నగా, ఒత్తుగా, గాలికి ఒక పక్కకు ఒరిగినట్టు పరుచుకున్నాయి. సోఫా గుడ్డ వాటి మధ్య ఎక్కడో మునిగిపోయింది. కుర్చీలను మాత్రం ఆమె చిన్న కత్తితో జాగ్రత్తగా జరుపుతూ వస్తోంది. ఇప్పుడు ఆమెకు అవి కుర్చీలు కావు.

సాయంత్రాలు అక్క ఫోను చేస్తుంది. తిన్నావా అని అడగదు, ఎలా ఉన్నావని అడగదు.

"ఆరిందా?"

ఆరిందని చెప్పేస్తే సరిపోతుంది. రేపే వ్యాను వస్తుంది. కొండ దారిలో కారిపోయినా, అందేటప్పటికి తను అక్కడుంటుంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి, పోయిన పన్ను సందులో ఆగిపోయింది.

"లేదక్కా. గోరు దిగుతోంది."

"ఊఁ." ఆ పక్క సముద్రం హోరుమంటోంది. "కొండ ఎలా ఉంది?"

"గడ్డి మొలిచింది."

అక్క నవ్వుతోందో లేదో తెలియలేదు కానీ, ఆమె గొంతు పనిలో ఉన్నప్పటిలా మారింది.

"ఏ రంగు?"

చెల్లెలు వేలు దీపం దగ్గరికి తెచ్చుకుని, గోటి సందున ఇరుక్కున్న కొండను చూసుకుంది. ఎర్రమట్టి కాదు, ఇటుక కాదు, చీకటీ కాదు. దానికి ఇప్పటిదాకా పేరు లేదు.

"వచ్చాక చూపిస్తాలే," అంది. "అందాకా గోళ్లు తీసుకోను."